తాళం వేసిన మూట

“ముందా తీగ తగిలించు,” అన్నారు బావగారు.

“తగిలించను.”

“మర్యాదగా చెబుతున్నానమ్మాయ్.”

“నేనూ మర్యాదగానే తగిలించనంటున్నాను.”

ఇంటర్నెట్ తీగ కొస నా గుప్పిట్లో ఉంది. గోడలోంచి పీకిన విసురుకి దానితోపాటు కాస్త సున్నం కూడా రాలింది. వదలబుద్ధి కాలేదు. వదిలితే ఈ ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గోడకు గుచ్చుతారు. ఆ ఎవరో ఒకరు నా ఎదురుగానే, మైనం చెక్కే కత్తి చేత్తో పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

మాది పళ్ళు కట్టే ఇల్లు. డాక్టర్లు నోటి స్కాను పంపితే దాన్నిబట్టి తొడుగులూ సెట్లూ చేసి పంపుతాం. ముందుగది ల్యాబు, వెనక గదులు కాపురం, మధ్యన ఒక్క కర్టెను. పిండిలాంటి తెల్లటి పొడి ఆ కర్టెను దాటి లోపలికి వస్తుంది, వంటింటి పొగ బయటికి పోతుంది, తగువులు మాత్రం రెండువైపులా తిరుగుతాయి. బావగారు చేసిన పన్ను పక్కనున్న పన్నుతో కలిసిపోతుంది, ఏది దేవుడిచ్చిందో ఏది ఆయనిచ్చిందో చెప్పడం కష్టం. ఆ పనితనానికి నేనూ దణ్ణం పెడతాను. కంప్యూటర్ దగ్గరే ఆయనకీ నాకూ పడదు.

“స్కానులు రావాలి. పళ్ళు కాల్చే పొయ్యి వేడెక్కి కూర్చుంది. నువ్విలా తీగ పట్టుకుని దేవతలా నిలబడితే పళ్ళెవరు చేస్తారు?”

“పళ్ళు ఓ పూట ఆగుతాయి బావగారూ. మన పేరుతో ఊరంతా తిరుగుతున్న ఆ మెయిళ్ళు ఆగవు.”

ఆ మాటకి ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

పొద్దున్నే పని మొదలుపెడదామని కూర్చుంటే కనిపించింది. మా ల్యాబు అడ్రసు నుంచి మా క్లినిక్కులన్నిటికీ మెయిళ్ళు వెళ్ళి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ రాసినవి కావు. అయినా అచ్చం మేం రాసినట్టే ఉన్నాయి. ఎవరితో ఏ మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకున్నాయి. ‘డిజైను సరిచేశాం, చూసి సరేననండి,’ అని ఒక ముక్క. దాని కింద జిప్ ఫైలు. ఆ కింద, మా ఇంటి అలవాటు ప్రకారం, దాన్ని తెరిచే పాస్‌వర్డ్.

ఆ పాస్‌వర్డ్ చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తీగ పీకింది అప్పుడే.

“అసలు నిన్ననేగా చెప్పాను,” అన్నాను. “తెలియనిది తెరవొద్దని.”

“తెలియనిదేమిటి? క్లినిక్కు పేరుంది. ‘పైపన్ను తొడుగు వదులైంది, అర్జంటుగా మళ్ళీ చెయ్యాలి,’ అని రాసుంది. కింద పాస్‌వర్డ్, లోపల స్కాను బొమ్మ కూడా ఉన్నాయి. నిన్న సాయంత్రం నొక్కాను. ఏమీ రాలేదు. సరే పాడైపోయిందనుకుని టీకి లేచాను. ఇందులో నా తప్పేముంది?”

“బొమ్మ స్కానుదే. లోపలున్నది వైరసు. మన పేరుతో మెయిళ్ళు పంపింది అదే.”

“మరి నీ కాపలా ఏమైంది?” బావగారికి పట్టు దొరికింది. కత్తి కొసతో గాలిని పొడుస్తూ ముందుకొచ్చారు. “ఇన్నాళ్ళూ జిప్ ఫైళ్ళు చూస్తా, చూస్తా అని మా ప్రాణాలు తోడేశావు కదా! ఈ ఫైలు ఆగింది, ఆ ఫైలు ఆగింది, డాక్టరుగారి దగ్గర మాటపడ్డాం, అయినా ఓర్చుకున్నాం. తీరా దొంగ వచ్చినప్పుడు నీ కాపలా కునుకు తీసిందా?”

ఉక్రోషం ముంచుకొచ్చింది. ఆ ప్రశ్నే పొద్దుట్నుంచీ నన్నూ తొలిచేస్తోంది.

నేను పెట్టిన కట్టుబాటు చాలా చిన్నది. జిప్ ఫైలంటే మూట. వచ్చిన ప్రతి మూటనీ మెయిలు సాఫ్ట్‌వేరే గుమ్మం దగ్గర విప్పి చూడాలి. లోపల స్కాను ఉంటే లోపలికి, తనంతట తాను నడిచే ప్రోగ్రాం ఉంటే బయటికి. తాళం వేసిన మూట వస్తే విప్పి చూడటం కుదరదు కాబట్టి దాన్ని గుమ్మంలోనే ఆపి నాకు చెప్పాలి. నేను క్లినిక్కుకి ఫోన్ చేయించి, పంపింది వాళ్ళేనని తేలాక లోపలికి తీసుకుంటాను. అదీ పద్ధతి.

ఈ ఇంట్లో ఆ పద్ధతి ఎవరికీ గిట్టలేదు. మామూలు మూటలు విప్పి చూడ్డానికి ఆలస్యమవుతోందని బావగారు ఒక ఉపాయం కనిపెట్టారు. తాళం వేసిన మూటని విప్పి చూడటం కుదరదు, నేరుగా లోపలికొచ్చేస్తుందని ఆయన లెక్క. క్లినిక్కులన్నిటికీ ఫోన్ చేసి, “పాస్‌వర్డ్ పెట్టి పంపండి, ఆ పాస్‌వర్డ్ మెయిల్లోనే కింద రాసెయ్యండి, మావాళ్ళు గబుక్కున తెరుస్తారు,” అని నేర్పారు. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి ఆ పెట్టెకే కట్టి పంపడమన్నమాట! వద్దు మొర్రో అన్నాను. తాళం వేసినవన్నీ గుమ్మంలో ఆగుతాయన్నాను. ఆగాయి కూడా. ఆమధ్య ఎందుకో ఆగడం మానేశాయి. క్లినిక్కులే విసిగి మానుకున్నాయి కాబోలు అనుకుని నేనూ ఊరుకున్నాను.

నా ఫోన్లో మెయిలు సెట్టింగుల పేజీ తెరిచాను.

‘లోపల చూడలేని ఫైళ్ళను ఆపు’ అన్నచోట నేను పెట్టిన టిక్కు లేదు.

ఆ పేజీలోకి వెళ్ళే దారి ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోవారు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంత గొడవ జరుగుతున్నా రంగుల పలక మీద పన్ను రంగులు సరిచూసుకుంటున్న మా ఆయన.

“ఏవండీ.”

“ఊఁ.”

“ఇటు చూడండి.”

చూశాడు. ఫోను మొహానికి దగ్గరగా పెట్టాను.

“ఇది ఎవరు తీశారు?”

“అన్నయ్య అడిగాడు.”

“ఎవరు అడిగారని కాదు. ఎవరు తీశారు?”

“నేనే.”

“నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?”

“అంటే నువ్వు ఒప్పుకోవుగా,” అన్నాడు.

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు ఒక్క క్షణం కోపం కూడా రాలేదు. నేను ఒప్పుకోనని తెలుసు. ఎందుకు ఒప్పుకోనో కూడా తెలుసు. రోజూ పక్కనే కూర్చుని అన్నం తింటూ, ‘ఈమధ్య మెయిళ్ళ గొడవ తగ్గిందే,’ అని నేనంటే, ‘అవును,’ అని తలూపాడు. ఆ ‘అవును’ గుర్తొచ్చి అప్పుడు వచ్చింది కోపం.

“నన్ను కాపలా పెట్టి, వెనక నుంచి తలుపు తీసిపెట్టారా? మీరిద్దరూ కలిసి? పైగా నా కాపలా కునుకు తీసిందని బావగారు నన్నే దులిపేస్తుంటే వింటూ కూర్చున్నారా?”

“వదినా మరదళ్ళు కొట్టుకున్నట్టు మీరిద్దరూ రోజూ కొట్టుకుంటుంటే మధ్యలో నేనేం చెయ్యను?” అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

“ఇప్పుడు వాణ్ణంటావేం?” బావగారు అడ్డం వచ్చారు. “పని నడవాలని నేనే తీయించాను. అయిందేదో అయింది. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి పిలుద్దాం, తుడిపిద్దాం. ఈ సంగతి ఈ కర్టెను దాటకూడదు.”

“దాటకూడదా? క్లినిక్కులకి చెప్పొద్దా?”

“చెప్పి? ‘మా ఇంట్లో దొంగలు పడ్డారు, మీ ఇంటికి కూడా మేమే పంపించాం,’ అందామా? రేపట్నుంచి ఒక్క పన్ను రాదు మనకి. అందరూ పక్కవీధి ల్యాబుకి పోతారు.”

“చెప్పకపోతే ఆ ఫైలు నొక్కుతారు బావగారూ! మన పేరు చూసి నొక్కుతారు. ఇప్పుడిప్పుడే క్లినిక్కులు తెరుస్తుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ‘ఆ మెయిలు తెరవకండి, తీసి పారెయ్యండి,’ అంటే చాలు. అంతకంటే నేనేం అడగడం లేదు.”

“అంటే మన నోటితో మనమే చెప్పుకోవాలి.”

“అవును. చెప్పుకోవాలి.”

ల్యాబు ఫోను అత్తయ్య ఒళ్ళో ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. క్లినిక్కుల నంబర్లన్నీ అందులోనే. ఏ డాక్టరు ఎప్పుడు చిరాగ్గా ఉంటాడో, ఎవరి క్లినిక్కులో కుర్రనర్సు మారిందో, అన్నీ ఆవిడ నోటికి వచ్చు. ఇప్పటిదాకా గోడవారగా కూర్చుని తయారైన పళ్ళ సెట్లు డబ్బాల్లో పెడుతోంది.

“అత్తయ్యా, ఆ ఫోను ఇలా ఇవ్వండి.”

అత్తయ్య ఇవ్వలేదు. చెంగు దాని మీదికి లాక్కుంది.

“కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందమ్మాయ్,” అంది. “పెదవి దాటితే పృథివి దాటుతుంది. తొందరపడకు.”

“ఇప్పటికే పృథివి దాటి పోయింది అత్తయ్యా. మనం పంపించేశాం! దాన్ని వెనక్కి పిలవడానికే ఫోను అడుగుతున్నాను.”

అత్తయ్య పెద్దకొడుకు వైపు చూసింది, చిన్నకొడుకు వైపు చూసింది. డబ్బా మూత నొక్కి పక్కన పెట్టింది.

“చిన్నాడు చెప్పనీ,” అంది. “తలుపు తీసింది వాడి చెయ్యి. చెబుదామని వాడంటే చెబుదాం. వద్దంటే వద్దు.”

అంతే, ముగ్గురం మా ఆయన వైపు తిరిగాం.

ఆయన రంగుల పలక కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడెవరైనా సమాధానం రాసిపెట్టారేమో అన్నట్టు.

“ఏదో ఒకటి అనండి,” అన్నాను.

“ఆలోచిద్దాం.”

“ఎంతసేపు?”

“అలా మీదపడితే ఎలా? కాస్త ఆలోచించుకోనీ.”

“మీరు ఆలోచించుకునేలోపు వాళ్ళు నొక్కేస్తారండీ!”

“అరవకు.”

“అరవక? పాటలు పాడమంటారా?”

బావగారు గొంతు సవరించుకున్నారు. “వాడి మీద ఒంటికాలి మీద లేస్తావెందుకు? వాడికి తెలియదా మంచీ చెడూ?”

తెలుసు. అదే నా ఏడుపు. తెలిసీ మాట్లాడని మనిషితో కాపురం ఎలాంటిదో మాట్లాడేవాళ్ళకి అర్థం కాదు. గోడనైనా తంతే కాలు నెప్పెడుతుంది, ఓహో గోడ ఉందని తెలుస్తుంది. ఈయన్ని ఎంత తన్నినా ఎక్కడా తగలదు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఓడిపోయినట్టవుతుందని దవడలు బిగించుకున్నాను. పొయ్యి ఒక్కటే గుంయ్‌మంటోంది.

అప్పుడే అత్తయ్య ఒళ్ళో ఫోను మోగింది.

అత్తయ్య పేరు చూసి, “మన డాక్టరమ్మ,” అంది.

మన డాక్టరమ్మ అంటే ఇంట్లో ఒకరే. రెండు వీధుల అవతల చిన్న క్లినిక్కు. ఒక సాయం అమ్మాయిని పెట్టుకుని తనే నడుపుకుంటుంది. ఈ ల్యాబుకి ఇంకా బోర్డు కూడా లేని రోజుల్లో మొదటి పన్ను పంపింది ఆవిడే. వయసు మీదపడినా చెయ్యి వణకదు. కంప్యూటర్ అంటేనే గాభరా. అయినా కష్టపడి నేర్చుకుంది, పేషెంట్ల సంగతులన్నీ అందులోకి ఎక్కించుకుంది. మా నుంచి ఏమొచ్చినా ముందూ వెనకా చూడదు, నొక్కేస్తుంది. ‘మీరు పంపింది చూసుకోవాల్సిన పనేముందమ్మడూ,’ అంటుంది నాతో.

అత్తయ్యకి చెవి కాస్త మందం. ఎప్పటిలాగే స్పీకరు పెట్టింది.

“హలో, నేనండీ. ఏం లేదు, మీ ఫైలు తెరుచుకోవడం లేదు,” అంది డాక్టరమ్మ. “ముందు బయట అమ్మాయి దగ్గరున్న కంప్యూటర్లో పెట్టాం. రాలేదు. కంప్యూటర్ పాతదేమోనని ఎక్స్‌రే దాన్లో పెట్టాం. అందులోనూ రాలేదు. మా పేషెంట్లవన్నీ ఉన్న కంప్యూటర్ ఒకటుంది చూశారూ, దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం. అయినా మీరు పాపం సరిచేసి పంపారు కదా, చూసి సరేననకపోతే పనాగిపోతుందని, ఆఖరికి దాన్లో కూడా పెట్టాను.”

నా గుప్పిట్లోంచి తీగ జారిపోయింది.

“దాన్లోనూ రాలేదు. పైగా ఇప్పుడు ఏదీ తెరుచుకోవడం లేదు. పేర్లన్నీ పిచ్చిపిచ్చి అక్షరాలైపోతున్నాయి, ఒకదాని తరవాత ఒకటి. ఇక్కడ కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఏదో మందు పడదని పోయినసారి నేనే రాసుకున్నాను. ఏ మందో చూద్దామంటే ఆయన పేజీ రావడం లేదు. ఆయన్నడిగితే ‘మీకే తెలియాలి డాక్టరుగారూ,’ అంటున్నాడు. మీ చిన్నకోడలు ఉందా? ఏం చెయ్యాలో కాస్త చెబుతుందా?”

నేను నోరు తెరిచాను. బావగారు చేత్తో ఆగమన్నారు. అడ్డంగా తలూపారు. అత్తయ్య చెయ్యి ఫోనుతో సహా గాల్లో ఆగిపోయింది, నాకివ్వాలో వద్దో తెలియక.

అప్పుడు లేచాడు మా ఆయన.

పొద్దుట్నుంచీ కదలని మనిషి చకచకా వచ్చి తల్లి చేతిలోంచి ఫోను అందుకున్నాడు. ఒట్టేసి చెబుతున్నాను, నా గుండె మీంచి బరువు దిగిపోయింది. ఇన్నాళ్ళకి, అన్న ఎదుటే, చెబుతాడు అనుకున్నాను.

“నేనండీ డాక్టరుగారూ,” అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో! “కంగారేం లేదు. ఆ ఫైలు మా దగ్గరే కాస్త పాడైనట్టుంది. మళ్ళీ పంపిస్తాం. మీ కంప్యూటర్ కూడా కాసేపుంటే అదే సర్దుకుంటుంది.”

“అంతేనా బాబూ? అమ్మయ్య! నేనేదో చేసి చెడగొట్టాననుకున్నాను. సరే, అయితే అలాగే ఉంచుతాను. ఈలోపు ఇంకోసారి నొక్కి చూస్తాను.”

“డాక్టరుగారూ!” అని అరిచాను.

అప్పటికే ఆయన వేలు ఎర్ర గుర్తు మీద పడింది. ఫోను జేబులో వేసుకున్నాడు. అన్న వైపు తిరిగి, “సర్దేశాను,” అన్నాడు.

బావగారు ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డారు. “మంచి పని చేశావురా.”

“మంచి పనా?” అన్నాను. “అక్కడ ఒక్కొక్క పేషెంటు పేజీ ఇప్పుడు, ఈ క్షణంలో, పోతోంది. తీగ పీకి, ఆ కంప్యూటర్లు ఆపేస్తే మిగిలినవైనా దక్కుతాయి. కుర్చీలో కూర్చున్నాయనకి పడని మందు ఇచ్చేస్తే? ఇన్నాళ్ళూ మాట్లాడండి, మాట్లాడండి అని మిమ్మల్ని ప్రాధేయపడ్డాను. మీరు నోరు విప్పింది ఇందుకా?”

“నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావు,” అన్నాడు మా ఆయన. చెయ్యి మాత్రం జేబు మీంచి తియ్యలేదు.

“ఆ ఫోను ఇవ్వండి.”

ఇవ్వలేదు.

నా ఫోన్లో డాక్టరమ్మ నంబరు లేదు. ఉన్నది రెండు వీధుల దూరం. చెప్పులు వెతుక్కునే ఓపిక కూడా లేక గుమ్మం వైపు నడిచాను. బావగారు లేచి అడ్డంగా నిలబడ్డారు.

“ఎక్కడికి?”

“వెళ్ళి చెబుతాను.”

“ఇంటి పరువు వీధిలో పెడతావా?”

“పెద్దాడా,” అంది అత్తయ్య వెనకనుంచి.

ఆవిడ లేచి నిలబడి ఉంది. మోకాళ్ళ నెప్పితో గోడ పట్టుకుని, చెంగంతా తెల్లటి పొడితో.

“ఏమే అమ్మాయ్, అక్కడ కూడా తీగ పీకితే ఆగుతుందా ఆ మాయదారిది?”

“ఆగుతుంది అత్తయ్యా. ఇప్పుడు పీకితేనే.”

“పెద్దాడా, దారియ్యి.”

“అమ్మా, నీకు తెలియదు...”

“నాకు పరువు సంగతి తెలుసు. మనం కట్టిన పళ్ళు జనం నోట్లో పెట్టేది ఆవిడ. దారియ్యి.”

బావగారు జరిగారు. పూర్తిగా కాదు, నేను ఒళ్ళు కుదించుకుని దూరేంత. దూరాను. గేటు తీసి వీధిలో కాలు పెట్టేసరికి వెనక మళ్ళీ ఫోను మోగింది.

తిరిగి చూశాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు. జేబులోంచి ఫోను తీసి పేరు చూశాడు. డాక్టరమ్మ కాదని ఆయన మొహమే చెప్పింది. మరో క్లినిక్కు. అది ఆగకముందే ఇంకోటి మోగుతుంది. తెరవబోతున్నవాళ్ళూ, తెరిచేసినవాళ్ళూ, అందరూ ఆయన అరచేతిలో ఉన్నారు. నాకున్నవి రెండే కాళ్ళు, అవి ఒక్క క్లినిక్కుకే పరిగెత్తగలవు.

“నిజం చెప్పండి!” అని వీధిలోంచే అరిచాను. ఎదురింటావిడ చీపురు ఆపి చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆయన నా వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ అన్న వైపు చూశాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, “హలో,” అన్నాడు.

ఆ తరవాత ఏమన్నాడో వినడానికి నాకు వ్యవధి లేదు. పరిగెత్తాను.